పూజగంట పలమనేరుకు పోయిన సంగతి

మొన్న పలమనేరు నుంచి వచ్చిన ఒకమ్మాయి సంచిలోంచి చిన్న గుడ్డమూట తీసి, మా వరండాలో బల్ల మీద పెట్టి, ముడి విప్పింది. లోపల కంచు గంట. పిడి మీద చేతులు జోడించి కూర్చున్న గరుత్మంతుడు, ఆయన కుడి రెక్క కొస విరిగి ఉంది. చూడగానే ముందుకు వంగాను. ఒళ్ళో ఉన్న పిల్లికూన జారి కిందపడి, మళ్ళీ నా చీర పట్టుకుని పైకెక్కిందట. మా కోడలు తర్వాత చెప్పింది, నాకు తెలియనే తెలియలేదు. ఆ రెక్క విరిచింది మా అవ్వ తమ్ముడు. ఐరాలలో వాళ్ళ పుట్టింట్లో, చిన్నప్పుడు, ఆ గంటతో చింతకాయలు కొట్టబోయి విరిచాడట. ఆ కథ చెప్పినప్పుడల్లా అవ్వ నవ్వేది. నాకు పన్నెండో పదమూడో ఏళ్ళప్పుడు చిత్తూరులో మా పూజగదిలోంచి మాయమైన గంట అది. దాని కోసం ఇల్లంతా వెతికాం. బియ్యం డబ్బాల్లో కూడా చెయ్యి పెట్టి చూశాం. అవ్వ పోయింది, నాయన పోయాడు, ఆ ఇల్లు చేతులు మారింది. ఇన్నేళ్ళ తర్వాత అది తిరుపతిలో నా బల్ల మీద, ఎవరో ముక్కూమొహం తెలియని అమ్మాయి చేతి కింద ఉంది.

"గుర్తు పట్టినారామ్మా?" అంది ఆ అమ్మాయి. పేరు సునీత. కుక్కపిల్ల కోసమో పిల్లికూన కోసమో వచ్చిందనుకున్నాను. మా ఇంటికి వచ్చేవాళ్ళంతా అందుకే వస్తారు.

"ఇది నీకు యాడిదమ్మా?" అన్నాను. ఎన్నాళ్ళుగానో అణిగి ఉన్న చిత్తూరు మాట అట్లాగే బయటికొచ్చింది.

"మీదేనమ్మా. తిరిగిచ్చిపోదామని వచ్చినాను. మా అత్త పంపింది. మా అత్త అంటే గ్రేసమ్మ. పాలబండి డేవిడు భార్య."

కుర్చీ చేతులు పట్టుకున్నాను. డేవిడన్న పేరు వినగానే, మేం నల్లది అని పిలిచిన కుక్క కళ్ళముందు నిలబడింది, ఒక చెవి చిరిగి, వెనకకాలు కొంచెం ఈడుస్తూ.

మా ఇల్లు ఇప్పుడు దిక్కులేని కుక్కలకూ పిల్లులకూ సత్రం లాంటిది. దెబ్బ తగిలినవి, తల్లి పోయినవి, ఎవరో గోనెసంచిలో కట్టి పారేసినవి ఇక్కడికి చేరతాయి. గాయం మానేదాకా, పాలు మరిచేదాకా సాకుతాం. ఆ తర్వాత మంచి ఇల్లు చూసి పంపుతాం. మా కోడలు ఫోన్లో ఫోటోలు పెడుతుంది. దూరాల నుంచి ఫోన్లు వస్తాయి. సూదులు, ఆపరేషన్లు, పొట్లాల్లో వచ్చే మేత, అన్నీ పద్ధతి ప్రకారం జరుగుతాయి. ఇదంతా నా గొప్ప కాదు. స్వామి పంపేవి పంపుతాడు, తీసుకెళ్ళేవాళ్ళను కూడా ఆయనే పంపుతాడు. మధ్యలో అన్నం కలిపి పెట్టే పని నాకు ఇచ్చినందుకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను. కానీ ఈ పని నాకు మా అవ్వ దగ్గర, మా నాయన దగ్గర వచ్చింది. వాళ్ళు దానికి పేరేమీ పెట్టుకోలేదు. ఇంటికి వచ్చినవాటికి ముద్ద పెట్టడం, ఎవరైనా అడిగితే ఇచ్చి పంపడం, అంతే.

నాయన చిత్తూరులో పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు. ఎద్దులకూ బర్రెలకూ వైద్యం చేసే చోట కుక్కపిల్లనో పిల్లికూననో గడప దగ్గర వదిలేసి పోయేవాళ్ళు ఉండేవాళ్ళు. బెంగుళూరు రోడ్డు మీద లారీలు తగిలినవీ వచ్చేవి. సాయంత్రం సైకిలు దిగేటప్పుడు నాయన భుజాన ఉన్న గుడ్డసంచి కదులుతూ ఉంటే, ఇవాళ ఎవరో వచ్చారని నాకు తెలిసిపోయేది. ఆయన చొక్కాకు టింక్చరు వాసన, ఆ సంచికి తడిసిన గోనెపట్ట వాసన, లోపల అవ్వ వెలిగించిన కర్పూరం వాసన. ఈ మూడూ కలిస్తే నాకు ఇప్పటికీ దీపాలవేళ అయినట్టే ఉంటుంది. ఎండాకాలంలో వీధంతా మామిడిపండ్ల తీపి వాసన కొట్టేది. ఆ చిక్కటి వాసనలో కూడా ఈ మూడు వాసనలు వేరుగా తెలిసేవి.

చిన్నప్పుడు జ్వరం వచ్చి నా ఎడమకాలు సన్నబడింది. బడి దూరం, మధ్యలో నీళ్ళవంక దాటాలి. అందుకని నాకు చదువంతా ఇంట్లోనే. పొద్దున నాయన లెక్కలూ ఇంగ్లీషు అక్షరాలూ నేర్పి ఆస్పత్రికి పోయేవాడు. మధ్యాహ్నం అవ్వ పూజగది గడప మీద కూర్చుని భాగవతం చదివించేది. తప్పు చదివితే చేటలో బియ్యం ఏరుతూనే, తల ఎత్తకుండానే దిద్దేది. నేను చదువుతుంటే పక్కన కుక్కపిల్లలు గోనెపట్ట మీద ఒకదాని మీద ఒకటి పడుకుని ఉండేవి. బడికి పోయిన పిల్లలు వేరేవాళ్ళతో స్నేహం చేసేవాళ్ళు, నాకు వీటితో స్నేహం. అయితే ఏదీ నిలిచేది కాదు. వాటికి పేరు పెట్టనిచ్చేది కాదు అవ్వ. "పేరు పెట్టేది తీసుకోని పోయేవోళ్ళు. మనం పెడితే దాన్ని పంపబుద్ధి కాదు," అనేది. అందుకని గుర్తును బట్టి పిలిచేవాళ్ళం: మచ్చది, పొట్టిది, నల్లది. ఎవరైనా అడగడానికి వస్తే అవ్వ వేసే మొదటి ప్రశ్న ఒకటే. "ఇంట్లో ముసిలోళ్ళు ఉండారా?" పనులకు పోయే వయసువాళ్ళు పెంచలేరనీ, పగలంతా ఇంట్లో ఉండే ముసలివాళ్ళే కుక్కకు ఇల్లనీ ఆమె నమ్మకం.

అవ్వకు ఇంకో పట్టుదల ఉండేది. నైవేద్యం కాకుండా మా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టకూడదు. వంట దించగానే అమ్మ చిన్న గిన్నెలో అన్నం, పప్పు, మీద నెయ్యి పెట్టి ఇచ్చేది. అవ్వ దాన్ని స్వామి ముందు పెట్టి, నీళ్ళు తిప్పి, గరుత్మంతుడి గంట కొట్టేది. సన్నగా, చివర్లో కొంచెం వణుకుతూ మోగే గంట. అది ఆగాకే కంచాలు. పెద్దవాళ్ళకు ఎట్లాగో పెరట్లో ఉన్నవాటికీ అట్లాగే. సంగటి ముద్దలు మజ్జిగలో పిసికి సత్తుగిన్నెల్లో ముందే పెట్టేది. కొత్తగా వచ్చిన కుక్కపిల్ల మూతి పెట్టబోతే అవ్వ దాని ముందు అరచెయ్యి అడ్డం పెట్టి, "ఉండు నాయనా, సామి తినాల," అనేది. గంట మోగాక చెయ్యి తీసేది. కొన్నాళ్ళకు చెయ్యి అక్కర్లేకపోయేది. గిన్నెల ముందు వరసగా కూర్చుని, నోళ్ళలో నీళ్ళు కారుతూ, పూజగది వైపే చూసేవి. పిల్లులు మాత్రం ఎవరి మాటా వినేవి కావు. అవీ ఎట్లాగో గంట వేళకు గడప మీద ముందరికాళ్ళు పెట్టుకుని కూర్చునేవి. కాంపౌండరు ఇంట్లో కుక్కలు కూడా నైవేద్యం కాందే తినవంట అని వీధిలో వింతగా చెప్పుకునేవాళ్ళు. చూడడానికి వచ్చేవాళ్ళు. అవ్వ పైకి ఏమీ అనేది కాదు గానీ, చూసేవాళ్ళు ఉన్న రోజు గంట కొంచెం ఆలస్యంగా కొట్టేదని అమ్మ చాటుగా నవ్వేది.

నల్లది మిగతావాటి కంటే ఎక్కువకాలం మాతో ఉంది. లారీ తగిలి వెనకకాలు విరిగింది. నాయన వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టాడు. ఎముక అతుక్కునేసరికి చలికాలం పోయి ఎండలు వచ్చాయి. అన్నాళ్ళూ అది పూటపూటా గంట విని తింది. ఎవరొచ్చినా కుంటిది మాకొద్దని వేరేదాన్ని ఎత్తుకుపోయేవాళ్ళు. చివరికి డేవిడన్న అడిగాడు. పలమనేరు నుంచి చిత్తూరుకు పాలబండి తోలుతూ, తెల్లారేటప్పటికే మా వీధిలో ఉండేవాడు. కొత్తగా పెళ్ళయింది. పొద్దు పొడవకముందే తను వచ్చేస్తే ఇంట్లో భార్య, తల్లి ఇద్దరే ఉంటారని చెప్పాడు.

"మీ అమ్మకు కుక్కలంటే పడతాదా?" అంది అవ్వ.

"దాన్నే ఒళ్ళో పెట్టుకోని కూర్చుంటాది పెద్దమ్మా. మేము కిరస్తానోళ్ళమని మీకేమన్నా..."

"దాందేముందప్పా. మీ ఇంట్లో వారానికొకసారి మాంసం వండుతారు. ఈడ మజ్జిగ సంగటి తిని తిని దాని నాలిక చచ్చిపోయింటాది. దాని అదృష్టం బాగుండాది, తీసుకోని పో."

డేవిడన్న నవ్వుతూ దాన్ని పాలక్యాన్ల మధ్య కూర్చోబెట్టుకుని వెళ్ళాడు. వీధి మలుపు తిరిగేదాకా అది మా ఇంటి వైపే చూసింది. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను. కొంతసేపటికి అవ్వ వచ్చి, ఇంకో సత్తుగిన్నె కడగమని చేతికిచ్చింది. ఆమె ఓదార్పు అట్లా ఉండేది.

తర్వాత ఒక పొద్దున డేవిడన్న బండి మా ఇంటి ముందు ఆగింది. మొహం వాడిపోయి ఉంది. నాయనను బయటికి పిలిచాడు. "సార్, అది ముద్ద ముట్టడం లేదు. ఎముకలేసినా ముట్టదు. నోట్లో నుంచి చొంగ కారతానే ఉండాది. ఎముకలు తేలిపోయినాయి. పిచ్చి పట్టిందని వీధిలో అందురూ కర్రలు పట్టుకోనుండారు. మీరొచ్చి చూసి చెప్పండి సార్. లేకపోతే ఈ పొద్దే కొట్టేస్తారు." నాయన సంచి భుజాన వేసుకున్నాడు. నేను బండి దగ్గరకు పోయి చెక్క పట్టుకుని నిలబడ్డాను. నన్ను ఎక్కించుకోకపోతే వదలనని ఆయనకు తెలుసు.

పలమనేరు చేరేదాకా బండి చెక్క వదల్లేదు. చర్చి పక్క సందులో చిన్న ఇల్లు. వాకిట్లో కానుగచెట్టుకు కట్టేసి ఉంది నల్లది. చుట్టూ మనుషులు, చేతుల్లో కర్రలు. నన్ను బండిలోంచి దిగనివ్వలేదు. పైనుంచి చూశాను. నేను ఎన్నోసార్లు ఒళ్ళో పెట్టుకున్న కుక్క అదేనా అనిపించింది. డొక్కలు లోపలికి పోయాయి. ముందు బొచ్చెలో అన్నం, మాంసం ముక్కలు. దాని మూతి నుంచి తీగలు తీగలుగా నీళ్ళు కారుతున్నాయి. అది బొచ్చె వైపు చూడడం లేదు. ఇంటి తలుపు వైపు చూస్తూ వణుకుతోంది.

"చొంగ కారతా ఉండాది, మేత ముట్టదు. పిచ్చి గాకపోతే ఇంకేంది సార్?" అన్నాడు కర్ర పట్టుకున్న ఒకాయన.

"నీళ్ళు తాగతా ఉండాదా?" అన్నాడు నాయన.

"నీళ్ళు తాగతాదప్పా, అదే అర్థం గావడం లే."

డేవిడన్న భార్య గ్రేసమ్మ తలుపు దగ్గర కళ్ళు తుడుచుకుంటూ నిలబడి ఉంది. "ఆదివారం మాత్రం తినింది సార్," అంది. "మేము ప్రార్థనకు పోయింటిమి. మా అత్త ఇంట్లోనే ఉండె. చర్చిలో గంట కొడతానే బొచ్చె మీదికి దూకి, గంట ఆగేలోపలే నాకేసిందంట. మళ్ళ నుంచి ముట్టలే."

బండి చెక్క మీద నుంచే అరిచాను. "నాయనా, దానికి ఈడ గంట కొట్టలేదు."

నాయన నా వైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. మెల్లగా అక్కడున్నవాళ్ళకు మా ఇంటి సంగతి చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. గ్రేసమ్మ లోపలికి పరుగెత్తి చెంబు తెచ్చి గరిటెతో కొట్టింది. నల్లది చెవులు నిక్కపొడిచింది, మళ్ళీ తల దించేసింది. ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. దానికి అదీ పట్టలేదు. అప్పుడు డేవిడన్న చర్చిలోకి పోయి పాస్టరుగారిని పిలుచుకొచ్చాడు. ఆయన కుక్కను చూశాడు, కర్రలను చూశాడు. "గంట కొట్టండి. దేవుడేమీ అనుకోడు. ఊరు అనుకుంటే నేను చెప్పుకుంటా," అన్నాడు.

గంట మోగింది. నల్లది ఒక్క దూకు దూకింది. అది తినడం కాదు, మింగడం. కర్రలు పట్టుకున్నవాళ్ళు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. ఇంతలో వేళగాని వేళ గంట విని వీధి చివర ఇళ్ళలోంచి జనం పరుగెత్తుకొచ్చారు. "ఎవురు పోయినారు?" అని ఒక ముసలామె రొప్పుతూ అడిగింది. "ఎవురూ పోలేదమ్మా, కుక్క అన్నం తింటా ఉండాది," అన్నాడు ఇందాకటి కర్ర ఆయన. అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు. తిరిగొచ్చేటప్పుడు దారంతా ఒక్కమాటే అన్నాడు. "మనమే దాన్ని చంపి పంపినట్టు, పాపా."

ఇంటికొచ్చి చెబితే అవ్వ చేతిలో చేట కింద పెట్టింది. "ముద్ద ముందర పెట్టుకోని, తినకుండా కూర్చునిందా?" అని అడిగింది. నాయన అవునన్నాడు. కొంతసేపటికి మళ్ళీ అదే అడిగింది. ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు నాయన బజారులో ఒక గంట కొని డేవిడన్న చేతికిచ్చి పంపాడు. ఆ తర్వాత డేవిడన్న కనబడినప్పుడల్లా "బాగా తింటా ఉండాది సార్, లావైంది," అనేవాడు. ఆ భయం అంతటితో తీరిపోయిందనుకున్నాం. స్వామికి కొబ్బరికాయ కొట్టాం.

పూజగది గంట కనబడకుండా పోయింది ఆ రోజుల్లోనే. ఒక సాయంత్రం నైవేద్యం గిన్నె అందించిన అమ్మ, గూట్లో గంట లేదని చూసి కంగారుపడింది. అవ్వ మాత్రం తొణకలేదు. "యాడో పెట్టినాను. దొరికితే దొరుకుతాదిలే," అని, రెండు చేతులూ ఎత్తి చప్పట్లు తట్టి, "గోవిందా" అంది. ఇంకో గంట కొనుక్కొస్తానని నాయన అన్నాడు. "నాకొద్దు. సామికేమన్నా చెవుడా, గంట లేకపోతే వినపడకపోయేదానికి?" అంది. ఆమె పుట్టింటి వస్తువు, పోయిందన్న బాధలో అట్లా అంటోందని ఊరుకున్నాం. అంతకంటే మమ్మల్ని నిర్ఘాంతపరిచింది ఇంకొకటి. ఆ మర్నాటి నుంచి అవ్వ పెరట్లోవాటికి ముందు పెట్టడం మొదలుపెట్టింది. వంట దించీ దించకముందే, దేవుడి గిన్నె కంటే ముందు, సత్తుగిన్నెలు. జీవితమంతా దేవుడు తినకుండా మంచినీళ్ళు కూడా గొంతులో పోసుకోని మనిషి కుక్కల తర్వాత దేవుడికి పెట్టడమేమిటి? అమ్మ భయపడింది. అవ్వకు మతి తప్పుతోందేమోనని నాయన డాక్టరును కూడా అడిగాడు. ఆమెకు ఏమీ కాలేదు. చనిపోయేదాకా అట్లాగే చేసింది, చప్పట్లతోనే నైవేద్యం పెట్టింది.

చూసి చూసి ఆ చప్పట్లు నాకూ అలవాటయ్యాయి. పెళ్ళయి తిరుపతికి వచ్చాక ఇక్కడా అట్లాగే చేశాను. గంట లేదేమని అడిగినవాళ్ళకు, మా పుట్టింటి సంప్రదాయం అదేనని చెప్పాను. మా కోడలికి నేర్పాను. భజనకు వచ్చే ఆడవాళ్ళలో కొందరు నన్ను చూసి నేర్చుకున్నారు. మనిషి చేతులే దేవుడికి గంటలని, మా పెద్దవాళ్ళు ఎంత ఆలోచించి పెట్టారో అని, ఒకరిద్దరికి అర్థం కూడా చెప్పాను.

ఇప్పుడు బల్ల మీద గంట. ఎదురుగా సునీత.

"నాయన బజారు గంట పంపినాడు కదమ్మా. దానికి తినింది కదా," అన్నాను.

"దానికి లేవలేదంటమ్మా. వట్టి రేకుమోతంట, చర్చిగంట మాదిరి కంచుగొంతు గాదంట. మీ నాయన బాధపడతాడని మా మామ చెప్పలేదు. మా అత్తే పాలబండెక్కి మీ ఇంటికొచ్చింది. ఆ పొద్దు మీ అమ్మ మిమ్మల్ని కాలు చూపించేదానికి ఆస్పత్రికి తీసుకోని పోయిందంట. మీ అవ్వ ఒక్కతే ఉండాది. మా అత్త చెప్పిందంతా ఇనింది. లేచి లోపలికి పోయి, ఈ గంట తెచ్చి, తన చీరకొంగు చించి మూట కట్టి చేతిలో పెట్టింది."

ఆ గుడ్డ వైపు అప్పుడు చూశాను. ఉతికి ఉతికి రంగు తెలియడం లేదు. అంచు దగ్గర ఒక ఎర్రపోగు మాత్రం మిగిలి ఉంది. అవ్వ నేతచీరలన్నిటికీ ఎర్రంచే ఉండేది.

"మా అత్త తీసుకోలేదంట," అంది సునీత. "మేము కిరస్తానోళ్ళమవ్వా, మీ దేవుడి గంట మా ఇంట్లో కొట్టొచ్చునా అనిందంట. దానికి మీ అవ్వ, గంటకేం తెలుసు అమ్మీ, అది కంచు, కొడితే మోగతాది అనిందంట. మళ్ళ ఇట్లనిందంట, నేను నేర్పిన చదువు దాని ప్రాణం మీదికి తెచ్చింది. సామి ఆకలికి తాళతాడు, అది తాళలేదు. ఇంట్లో ఎవురికీ చెప్పొద్దు, చెప్తే నా కొడుకు ఇంకోటి కొంటాడు, నాకు ఇంకోటి వద్దు. దీని సంతతి ఉన్నంతవరకు ఉంచుకో. ఆ పైన తెచ్చియ్యి. ఇవీ ఆమె మాటలు. మా అత్త ఎన్నిసార్లు చెప్పిందో, నాకు నోటికొచ్చేసినాయి."

మా కోడలు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. గ్లాసు చేతిలో పట్టుకుని తాగడం మరిచి కూర్చున్నాను. నల్లది ఈనిన పిల్లలు తల్లిని చూసి గంటకు అలవాటు పడ్డాయట. వాటిలో ఒకటి ఇంట్లో ఉండేది, దాని తర్వాత దాని పిల్లల్లో ఇంకొకటి, అట్లా ఒకదాని వెనక ఒకటి. ఆ ఇంట్లో ప్రార్థన, ఆ తర్వాత గంట, ఆ తర్వాత భోజనం. సునీత భర్త చిన్నప్పుడు, గంట కూడా ప్రార్థనలో భాగమేనని, క్రైస్తవులందరి ఇళ్ళలో ఒక గంట ఉంటుందని అనుకునేవాడట. ఇది విని మా కోడలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్ళుగా నేను పూజగదిలో తట్టిన చప్పట్లన్నీ ఒక్కసారిగా నా చెవుల్లో మోగాయి. మా పెద్దవాళ్ళ సంప్రదాయమని నేను చెప్పుకుంటూ వచ్చినది ఒక కుంటికుక్క అన్నం తినడం కోసం పుట్టింది. అవ్వ పక్కనే కూర్చుని భాగవతం చదివాను. ఆమె చేసిన పని మాత్రం నేను చదవలేకపోయాను. మతి తప్పిందేమోనని మేము గుసగుసలాడుకుంటుంటే ఆమె వినే ఉంటుంది. విని ఊరుకుంది.

"ఆఖరిదానికి మేమే ఆపరేషన్ చేయించినాం," అంది సునీత. "ముసిలిదై మొన్న పోయింది. మా అత్త గంట తిరిగిచ్చి రమ్మని ఒకటే పోరు. మీరు యాడుండారో తెలీదు. పోయిన నెల మా పక్కింటోళ్ళు మీ కాడ నుంచి పిల్లికూనను తెచ్చుకున్నారు. తిరుపతిలో అలివేలమ్మంట, చిత్తూరు కాంపౌండరు కూతురంట అని వాళ్ళు చెప్తావుంటే మా అత్త మంచం మీద లేచి కూర్చునింది."

"గ్రేసమ్మక్క ఎట్లుండాది?"

"తినడం లేదమ్మా. కుక్క పోయినప్పటి నుంచి ఇదే వరస. ముందు దానికి పెట్టి తర్వాత తను తినేది కదా. ఇప్పుడు కంచం ముందర పెట్టుకోని, తినకుండా కూర్చుంటాది."

అవ్వ మాట, అచ్చంగా అదే మాట, ఈ అమ్మాయి నోట వినేసరికి చేతిలో గ్లాసు కింద పెట్టేశాను. అందరం వరండా మూల వైపు చూశాం. అక్కడ మా ఒంటికన్ను కుక్క పడుకుని ఉంది. అలిపిరి రోడ్డు మీద ఏదో బండి తగిలి కన్ను పోయింది. ఎన్ని ఫోటోలు పెట్టినా ఎవరూ అడగలేదు. ఇప్పటివాళ్ళు జాతి ఏదని అడుగుతారు, రంగు ఏదని అడుగుతారు, ఫ్లాటులో ఉంచవచ్చా అని అడుగుతారు. నేను కూడా వాళ్ళను మోసం చేయకుండా అన్నీ చెప్తాను. అవ్వ అడిగే ప్రశ్న ఎప్పుడు అడగడం మానేశానో గుర్తులేదు. ఆ రోజు అడిగాను.

"మీ ఇంట్లో ముసిలోళ్ళు ఉండారా?"

సునీతకు మొదట అర్థం కాలేదు. తర్వాత నవ్వింది. "పగలంతా ఇంట్లో ఉండేది ఆమే కదమ్మా."

గంటను మళ్ళీ ఆ గుడ్డలోనే చుట్టాను. అది ఇవ్వడానికి వచ్చానని, తీసుకెళ్ళనని సునీత మొరాయించింది. ఇంకో సంతతి మొదలవుతోంది కదా, నా లెక్క ప్రకారం ఇవ్వాల్సిన వేళ ఇంకా రాలేదని చెప్పాను. ఈ ఒంటికన్నుదానికీ ఆపరేషన్ అయిపోయింది, సంతతి ఎక్కడిదని మా కోడలు అనబోయి, నా మొహం చూసి మానుకుంది. సునీత వచ్చిన కారు కదిలేటప్పుడు ఒంటికన్నుది మా ఇంటి వైపు చూడలేదు. సునీత పక్కన కూర్చుని, ఆమె ఒళ్ళో ఉన్న గుడ్డమూటను వాసన చూస్తోంది.

మర్నాడు సాయంత్రం దీపం పెట్టి, నైవేద్యం గిన్నె స్వామి ముందు పెట్టి నీళ్ళు తిప్పుతుండగా ఫోను మోగింది, మా కోడలు స్పీకరు పెట్టి నా పక్కన పట్టుకుంది. సునీత. వెనక ఎవరో ముసలి గొంతుతో గట్టిగా కోప్పడుతున్నారు.

"గంట కొట్టేలోపలే ఇది సగం తినేసిందమ్మా," అంది సునీత. "మా అత్త ఒకటే తిట్టడం. పద్ధతి లేని కుక్కను పంపినారని మిమ్మల్ని కూడా తిట్టింది. ఇప్పుడు దాని ముందర చెయ్యి అడ్డం పెట్టి నేర్పిస్తా ఉండాది. ఇనండి."

గంట మోగింది. ఫోన్లో అంత దూరం నుంచి, సన్నగా, చివర్లో కొంచెం వణుకుతూ. చప్పట్లు తట్టడానికి ఎత్తిన చేతులు అట్లాగే జోడించి నిలబడిపోయాను.

"తింటా ఉండాదా?" అన్నాను.

"ఇద్దరూ తింటా ఉండారమ్మా," అంది సునీత.